రంగుల రాత – లెక్కల గీత (ఒక పాత మెమో కథతో)

మన సంఘం కార్యదర్శి గారు ప్రత్యేక సంచికకి "మీ సర్వీసులో గుర్తుండిపోయిన విషయం ఒకటి రాయండి" అని మూడు సార్లు ఫోన్ చేశారు. తీర్థయాత్రల గురించి, డి.ఏ. బకాయిల గురించి నాకంటే బాగా రాసేవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో మందుల నాణ్యత పరీక్షించాను. కాబట్టి నాకు తెలిసిన ఒక పరీక్ష చరిత్ర రాస్తాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది చెప్పడానికే ఈ చరిత్ర ఎత్తుకున్నానని చివరికి పాఠకులకే అర్థమవుతుంది.

మనలో చాలామందిమి పొద్దున్నే ఒక బి.పి. మాత్ర, ఒక షుగరు మాత్ర వేసుకుంటాం. ఆ మాత్రలో ఉండవలసిన మందు ఉన్నదా, ఉండకూడని మలినాలు హద్దులో ఉన్నాయా అని చూసే ప్రధాన సాధనం హెచ్.పి.ఎల్.సి. అనే యంత్రం. 1960లలో బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. వచ్చిన తర్వాత హైదరాబాదు మందుల ఊరుగా ఎదిగింది. ఆ ఊళ్ళో నాణ్యత పరీక్ష ఉద్యోగం చేసినవారికి ఈ యంత్రం వంటింట్లో పొయ్యి లాంటిది. అది లేకుండా రోజు గడవదు.

రంగుల రాత

ఈ విద్యకు మూలపురుషుడు మిహాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త. 1872లో ఇటలీలోని ఆస్తిలో పుట్టాడు. 1903లో వార్సాలో ప్రకృతి శాస్త్రవేత్తల సభలో తన పద్ధతిని వివరించాడు. ఆకుల రసాన్ని సుద్దపొడి నింపిన గాజుగొట్టం పైన పోసి, మీద నుంచి ద్రావకం వదిలితే, ఆకుపచ్చా పసుపూ పట్టీలు పట్టీలుగా విడిపోయాయి. 1906లో దీనికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'రంగుల రాత' అని అర్థం. రష్యన్‌లో 'త్స్వెత్' అంటే కూడా రంగే! ఆయన 1919లో వొరోనెజ్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన పద్ధతిని పట్టించుకున్నవారు బహు తక్కువ. 1931లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కూన్ బృందం మళ్ళీ వాడి చూపించాక గానీ లోకం కళ్ళు తెరవలేదు.

తర్వాత ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్ని పరిశోధన సంస్థలో పనిచేసే మార్టిన్, సింజ్ అనే ఇద్దరు 1941లో దీన్ని కొత్త దారి పట్టించారు. కదలని ద్రవం ఒకటి, కదిలే ద్రవం ఒకటి పెట్టి, ఆ రెంటి మధ్య పదార్థాలు పంచుకోబడేలా చేశారు. అందుకు 1952లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

సరిగ్గా అదే 1952లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఆల్మ్, విలియమ్స్, టిసేలియస్ అనే ముగ్గురు ఇంకొక మెట్టు ఎక్కారు. టిసేలియస్ అప్పటికే, 1948లో, నోబెల్ అందుకున్న పెద్దమనిషి. అంతకు ముందు ద్రావకం మొదటి నుంచి చివరి దాకా ఒకే బలంతో ఉండేది, లేదా ఒక్కసారిగా మార్చేవారు. వీరు దాని బలాన్ని క్రమంగా, ఆగకుండా పెంచుతూ పోయారు. దీనికే గ్రేడియెంట్ ఎల్యూషన్ అని పేరు. పదార్థం తోక సాగదీసుకుని వెనకబడితే, వెనక వచ్చే బలమైన ద్రావకం ఆ తోకను ముందుకు నెడుతుంది. పట్టీ బిగువుగా వస్తుంది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలో మూర్, స్టైన్ అనే శాస్త్రజ్ఞులు ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలను విడదీసే పని సాగించారు. 1958లో స్పాక్‌మన్‌తో కలిసి ఆ పని తనంతట తాను చేసుకుపోయే యంత్రాన్ని లోకానికి చూపారు. అందులో ద్రవం ఆమ్లతను, అంటే పీహెచ్‌ను, మధ్యలో మార్చేవారు. వారికి 1972లో నోబెల్ వచ్చింది. అంటే ద్రావకం ఒక్కటే కాదు, పీహెచ్ కూడా మార్చదగిన మీట అని అప్పటికే తేలింది. వేడి మూడో మీట. ఒకేసారి ఇన్ని మీటలు కదిలిస్తే ఏ పదార్థం ఎప్పుడు బయటకు వస్తుందో ముందుగా లెక్క కట్టడం ఎలా? నేను చెప్పదలచిన చరిత్ర ఇదే.

అలిపిరి మెట్లు

లెక్క అనగానే పేజీ తిప్పకండి. అలిపిరి మెట్ల దారి తలుచుకోండి. అందరూ ఒకేసారి కింద బయలుదేరారు. నడిచేటప్పుడు అందరిదీ ఒకే వేగం అనుకుందాం. తేడా అంతా కూర్చోవడంలోనే. ఒకాయన ప్రతి కొట్టు దగ్గరా ఆగి కాఫీ తాగుతాడు. ఇంకొకాయన ఎక్కడా ఆగడు. నడిచే ప్రతి నిమిషానికి ఎన్ని నిమిషాలు కూర్చుంటాడన్నదే మా లెక్కలో 'కె' అనే సంఖ్య. ఎక్కడా ఆగనివాడు కాలమ్ దాటడానికి రెండున్నర నిమిషాలు పడితే, కె 3 ఉన్నవాడికి పది నిమిషాలు పడుతుంది. అంటే నిమిషానికి దారిలో పదో వంతు నడుస్తాడు. కె 20 అయితే యాభై రెండున్నర నిమిషాలు. నిమిషానికి రెండు శాతం కూడా నడవడు.

ఇప్పుడు సాయంత్రమైంది. కింద నుంచి ఒక మనిషి డప్పు కొడుతూ, "కొట్లు మూసేస్తున్నాం" అని చాటింపు వేస్తూ ఎక్కుతున్నాడు. అతను ఎక్కడా కూర్చోడు. అతను దాటిన చోటల్లా కొట్లు ఒక్కొక్కటిగా మూతపడతాయి. జనం లేచి నడుస్తారు. గ్రేడియెంట్ ద్రావకం అంటే ఆ చాటింపు మనిషే. గమనించండి, చాటింపు అందరికీ ఒకేసారి వినపడదు. కింద వెనకబడి ఉన్నవాడికి ముందు, పైన ఉన్నవాడికి తర్వాత వినపడుతుంది. కాబట్టి గడియారం చూసి "ఇప్పుడు ద్రావకం బలం ఇంత" అంటే సరిపోదు. "ఇతను ఉన్న మెట్టు దగ్గరకు చేరిన ద్రావకం బలం ఎంత?" అని అడగాలి.

1955లో అమెరికాలో ఫ్రైలింగ్, స్వీడన్ పత్రికలో డ్రేక్ ఈ లెక్కకు పునాది వేశారు. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చెయ్యండి. ఒక్కొక్క ముక్కలో, అప్పటి కె విలువను బట్టి, దారిలో ఎన్నో వంతు గడిచిందో చూసి కూడుతూ పోండి. మొత్తం ఒకటి అయిన క్షణాన పదార్థం బయటకు వస్తుంది. మూల సూత్రం ఇంతే. చిల్లర కూడి రూపాయి చేసినట్టు.

అయితే ద్రావకం బలం మారితే కె ఎంత మారుతుంది? అమెరికాలో లాయిడ్ స్నైడర్ దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1979లో డోలన్, గాంట్‌లతో కలిసి రాసిన వ్యాసంలో, కె లాగరిథం ద్రావకం శాతంతో పాటు సరళరేఖలో తగ్గుతుందని తీసుకుని లెక్కలు తేలిక చేశాడు. మామూలు మందు అణువుకు మిథనాల్ పది శాతం పెంచితే కె సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది. చెకొస్లొవేకియాలోని పార్దుబిత్సేలో జాందెరా, చురాచెక్ 1970లలోనే గ్రేడియెంట్ సిద్ధాంతం మీద వరసగా వ్యాసాలు రాశారు. నెదర్లాండ్స్‌లో షూన్‌మేకర్స్ బృందం 1978లో, రేఖ నిజానికి కొంచెం వంగుతుందని చూపి, వంపు గల సూత్రం ఇచ్చింది.

పీహెచ్ సంగతి అమెరికాలోని యేల్‌లో హోర్వాత్, మెలాండర్, మోల్నార్ 1977లో తేల్చారు. బలహీన ఆమ్లానికి విద్యుదావేశం లేనంతసేపు అది కాలమ్‌లో బాగా అంటుకుంటుంది. ఆవేశం వస్తే జారిపోతుంది. పీహెచ్ మారుతుంటే కె గీత పైన చదునుగా మొదలై, మధ్యలో జారుడుబల్లలా దిగి, కింద మళ్ళీ చదునవుతుంది. జారుడుబల్ల మీద ఉన్నప్పుడు పీహెచ్‌లో పదో వంతు తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక వేడి. డిగ్రీకి కె సుమారు ఒకటి రెండు శాతం తగ్గుతుంది. ఇది చాటింపు లాంటిది కాదు, వాన లాంటిది. కాలమ్ అంతటా ఒకేసారి పడుతుంది. చాటింపు లెక్క వేరు, వాన లెక్క వేరు. రెండూ కలిసి వస్తే ప్రతి మనిషికీ ప్రతి నిమిషానికీ రెంటినీ చూడాలి.

నేను రాసిన మెమో

ఇక్కడ నా కథ. 1993లో మా ప్రయోగశాలలో రెండు యంత్రాలు ఉండేవి. పాతదానికి కాలమ్‌ను వేడిగా ఉంచే పెట్టె లేదు. ఏ.సి. గదిలో 25 డిగ్రీల దగ్గర నడిచేది. కొత్తదానికి పెట్టె ఉంది, 40 డిగ్రీలకు పెట్టేవాళ్ళం. ఒక మందు నమూనాను నా కింద పనిచేసే కుర్రవాడు పాత యంత్రం మీద చేసి, "మలినం పీక్ వచ్చింది సార్, హద్దు కంటే కాస్త ఎక్కువే" అన్నాడు. నేను కొత్త యంత్రం మీద చేశాను. చార్టు కాగితం మీద ప్రధాన పీక్ ఒక్కటే. మలినం ఆనవాలు లేదు.

అతను అన్నాడు: "సార్, తమరు పీహెచ్ మిథనాల్ కలపక ముందు చూశారా, కలిపాక చూశారా?"

కొత్త యంత్రం తెప్పించినది నేను. పద్ధతి రూపొందించినది నేను. నలుగురి ముందు ఆ ప్రశ్న నాకు ఎదురుచెప్పినట్టు వినపడింది. గాజుసామాను సరిగా కడగక మలినం తెచ్చాడని, నిర్లక్ష్యమని మెమో రాశాను. అతని ఇంక్రిమెంటు ఒకటి ఆగింది. తర్వాత ప్రమోషన్ జాబితాలో అతని తర్వాత చేరినవాడు ముందుకు వెళ్ళాడు. అదృష్టవశాత్తూ అది నిలవ పరీక్షకు పెట్టిన నమూనా. బజారుకు వెళ్ళేది కాదు. కానీ మనిషి మటుకు నిజమైన మనిషే.

1997లో డోలన్ వ్యాసాలు చదువుతుండగా ఒక విషయం నా మనసులో గుచ్చుకుంది. యంత్రంలో ద్రావకాలు కలిసే చోటు నుంచి కాలమ్ తల దాకా కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ నిండేదాకా గ్రేడియెంట్ కాలమ్‌కు చేరదు. చాటింపు మనిషి మెట్ల దగ్గరకు రావడానికే ఆలస్యం అన్నమాట. కొలిచి చూశాను. పాత యంత్రంలో 3.2 మిల్లీలీటర్లు, కొత్తదాంట్లో 0.8. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున 2.4 నిమిషాల తేడా!

ఆ రాత్రి కాలిక్యులేటరు పట్టుకుని కూర్చున్నాను. పాత యంత్రం మీద రెండు పీక్‌ల మధ్య దూరం ఒక నిమిషం. ఆలస్యం తేడా ఒక్కటే పెడితే దూరం 0.7కు తగ్గింది. కలిసిపోలేదు. వేడి తేడా ఒక్కటే పెడితే 0.8. అదీ కలిసిపోలేదు. పీక్ వెడల్పు 0.4 నిమిషాలు. కాబట్టి రెండూ విడిగా కనపడి తీరాలి. "హమ్మయ్య, నా మెమో సరైనదే" అనుకుని కాగితాలు కట్టి లోపల పెట్టాను. మిత్రులారా, లెక్క తప్పు చెయ్యలేదు. అడిగిన ప్రశ్నే తప్పు. ఒక్కొక్క కారణాన్ని విడివిడిగా బోనెక్కించి, ఒక్కొక్కదాన్నీ నిర్దోషిగా వదిలేశాను. మూడోదాన్ని, అతను నోరు విడిచి చెప్పినదాన్ని, అసలు పిలవనే లేదు.

మీటలన్నీ ఒకేసారి

ఈలోగా లోకం ముందుకు సాగింది. 1980ల మధ్యలోనే స్నైడర్, డోలన్ వాళ్ళ సూత్రాలతో డ్రైల్యాబ్ అనే కంప్యూటరు ప్రోగ్రాం వచ్చింది. రెండు తెలియని సంఖ్యలకు రెండు సమీకరణాలు కావాలి గనక, ఒక త్వరిత పరీక్ష, ఒక నిదాన పరీక్ష చేసి ఇస్తే మిగతావి అదే ఊహించి చెబుతుంది. వేడి కూడా చేరిస్తే నాలుగు పరీక్షలు. మూడు పీహెచ్ విలువలు కూడా చేరిస్తే పన్నెండు.

పోలండులోని గ్దాన్‌స్క్‌లో కలిషాన్, విచ్‌లింగ్ బృందం 2004లో పీహెచ్‌నే గ్రేడియెంటుగా నడిపారు. 2005లో పీహెచ్, ద్రావకం రెంటినీ ఒకేసారి మార్చే జంట గ్రేడియెంటు చూపారు. ఇందులో చిక్కు ఏమిటంటే ఈ రెండు మీటలూ అన్నదమ్ముల్లా కలిసి కదులుతాయి. ఫాస్ఫేట్ బఫరులో మిథనాల్ పోస్తే దాని పీహెచ్ పెరుగుతుంది. ఆమ్లం ఆవేశం పొందే హద్దు కూడా జరుగుతుంది. మనం పీహెచ్ ముట్టుకోలేదనుకున్నా, మిథనాల్ పెరిగే కొద్దీ అది లోపల మారుతూనే ఉంటుంది. కాబట్టి ద్రావకం లెక్క ఒకటి, పీహెచ్ లెక్క ఒకటి విడిగా చేసి కూడితే తప్పు వస్తుంది.

అదే 2005లో గ్రీసులోని థెస్సలొనీకి విశ్వవిద్యాలయంలో నికితాస్, పాపా-లూయిసీ మూల సమీకరణాన్ని ఏ ఆకారపు గ్రేడియెంటుకైనా అంకెల పద్ధతిలో సాధించే మార్గం రాశారు. పాత ఫ్రైలింగ్ చిల్లర లెక్కే. కానీ ప్రతి ముక్కలోనూ పదార్థం ఎక్కడుంది, అక్కడికి ఏ ద్రావకం చేరింది, ఆ క్షణాన కె ఎంత అని చూసుకుంటూ పోవడం. 2015లో వారి బృందమే ఇలాంటి లెక్కలను ఎక్సెల్‌లో చేసే సాధనం ప్రచురించింది. ఎక్సెల్ అంటే మన మనవలకు తెలిసిన చిట్టాపుస్తకమే కదా.

2016లో మా అమ్మాయి కొడుకు ఇంటర్ సెలవులకు వచ్చి కంప్యూటరు తెరిచి కూర్చున్నాడు. "తాతయ్యా, నీ లెక్కేదో చెప్పు, నేను వేస్తా" అన్నాడు. నా పాత డైరీలు దించాను. పద్ధతి రూపొందించిన రోజుల్లో రెండు వేగాల్లో, రెండు ఉష్ణోగ్రతల్లో, మూడు పీహెచ్‌లలో చేసిన పన్నెండు పరీక్షల కాలాలు నా చేతిరాతలో ఉన్నాయి. ముప్పై నిమిషాల గ్రేడియెంటును 600 ముక్కలు చేశాం. ముక్కకొక వరస.

ముందు పాత యంత్రం. దూరం ఒక నిమిషం. చార్టు కాగితం మీద ఉన్నదే వచ్చింది. లెక్క మీద నమ్మకం కుదిరింది. తర్వాత పీహెచ్. మొదటి సీసాలో బఫరుతో పాటు ఇరవై శాతం మిథనాల్ ఉండేది. అతను పద్ధతిలో రాసినట్టే కలపక ముందు పీహెచ్ సరిచేశాడు. నేను కలిపాక చూసి, పెరిగిన అంకెను మళ్ళీ ఆమ్లం చుక్కలతో దించాను. అంటే నా ద్రవం నిజానికి 0.2 తక్కువ. మలినం బలహీన ఆమ్లం. సరిగ్గా జారుడుబల్ల మీద ఉంది. పీహెచ్ తగ్గేసరికి మరికాస్త అంటుకుని, ప్రధాన పీక్ వైపు వెనక్కి జరిగింది. ఆ తేడా ఒక్కటే పెడితే దూరం 0.7.

మూడూ కలిపి పెట్టమన్నాను. విడివిడి తగ్గుదలలు కూడితే 0.2 మిగలాలి. తెర మీద వచ్చింది 0.06. రెండు పీక్‌లు ఒకదాని కింద ఒకటి దాక్కున్నాయి. మలినం ఎక్కడికీ పోలేదు. నా ప్రధాన పీక్ కడుపులోనే ఉంది.

ఇరవై మూడేళ్ళ తర్వాత తెలిసింది, గాజుసామాను శుభ్రంగానే కడిగాడని.

మర్నాడే అతని ఇంటి చిరునామా కనుక్కుని ఆ కాగితాలు పట్టుకుని వెళ్ళాను. అప్పటికి అతనికి సర్వీసు నాలుగేళ్ళు మిగిలి ఉంది. కాగితాలు నిదానంగా చూశాడు. "నేను అప్పుడే అడిగాను కదండీ సార్" అన్నాడు. అంతే. వాళ్ళావిడ కాఫీ తెచ్చింది. నేను పై అధికారులకు జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. మెమో రద్దయింది, ఆగిన ఇంక్రిమెంటు లెక్క సరిచేశారు. పోయిన ప్రమోషన్ మాత్రం తిరిగి రాలేదు. దాన్ని లెక్కగట్టే సూత్రం ఎవరి దగ్గరా లేదు.

అతను ఇప్పుడు మన సంఘం సభ్యుడే. ఈ వ్యాసం రాసే ముందు అతని అనుమతి అడిగాను. "పేరు వద్దు సార్, పీహెచ్ సంగతి మాత్రం స్పష్టంగా రాయండి, పిల్లలకి పనికొస్తుంది" అన్నాడు. అతని మాట ప్రకారం రాస్తున్నాను. మన కుటుంబాల్లో మందుల కంపెనీల్లో పనిచేసే పిల్లలు చాలామంది ఉన్నారు. పీహెచ్ మిథనాల్ కలపక ముందు చూశారో, కలిపాక చూశారో కాగితం మీద రాసి పెట్టండి. యంత్రం మార్చినప్పుడు ఆలస్యం ఎంతో, వేడి ఎంతో రాసి పెట్టండి. ఫలితం తేడా వస్తే ఒక్కొక్క కారణాన్నే కాక, అన్నిటినీ కలిపి కూడా చూడండి. ఇంట్లో గొడవల్లోనూ ఏ ఒక్క మాటా పెద్దది కాదు. అన్నీ ఒకే పూట కలిసి వస్తేనే కుండ పగులుతుంది.

కింద పనిచేసే కుర్రవాడు ప్రశ్న అడిగితే, మెమో కాగితం తీసే ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి చూడండి. నాకు ఆ జవాబు చెప్పడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది.

సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఆయురారోగ్యాలు కోరుతూ, సెలవు.